తాడు పట్టిన చెయ్యి

లూయిస్ ఆటోకి కట్టిన మైకు ఫరంపేటలో చేసిన నిర్వాకం పోయిన వారం చదివినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. చదవనివాళ్ళకి నాలుగు ముక్కల్లో చెబుతాను. గోదారి పొంగితే తమంతట తాము ఇల్లు దాటలేని ముసలివాళ్ళని పడవల్లో తీసుకుపోతామని, అందుకు ముందే పేర్లు నమోదు చేయించుకోవాలని సర్కారు ఆఫీసు చెప్పింది. ఆ పని శిరీష నెత్తిన పడింది. మెట్టకూరు పిల్ల. కాంట్రాక్టు ఉద్యోగం. మనసు మంచిది, నోరు పెద్దది, ఓపిక లేదు. ఎంత తిరిగినా జనం ముందుకు రాకపోయేసరికి, అప్పటికే పేరిచ్చిన కొద్దిమంది పేర్లనీ మైకులో చదివి, "వీళ్ళని చూసి మీరూ రండి" అంటూ వీధులన్నీ తిరిగింది. అందులో లక్ష్మణరావు పేరు కూడా ఉంది. ఆ పేరు ఆయన ఇవ్వలేదు. ఆయన భార్య పాపాయమ్మ, ఆయనకి తెలియకుండా, చేపల గంప ఆఫీసు మెట్ల మీద దించి, లోపలికెళ్ళి ఇచ్చింది. మొగుడి పేరు నోటితో పలకడం ఆవిడకి అదే మొదటిసారి.

మర్నాడు పొద్దున రేవులో లక్ష్మణరావు చేతికి ఎవరూ తాడు అందించలేదు.

తాడంటే ఏమిటో ఆఫీసులో ఎవరూ అడగలేదు. పడవ ఒడ్డుకి రాగానే తాడు విసురుతారు. ఒడ్డున ఉన్నవాళ్ళు పట్టుకుని లాగుతారు. సత్తువ ఉన్నవాళ్ళు ముందు నిలబడతారు. సత్తువ అయిపోయినవాళ్ళు చివర కూర్చుని, వచ్చిన తాడుని గుంజకి చుడతారు. చెయ్యి తాడు మీద ఉంటే చాలు, చేపల్లో వాటా ఉన్నట్టే. ఒకటే షరతు. రేవుకి తన కాళ్ళతో రావాలి. మోయించుకుని వచ్చినవాళ్ళకి వాటా పెడితే రేపు ఇంటింటి మంచాలూ రేవులోనే ఉంటాయని వెనకటివాళ్ళు పెట్టిన కట్టుబాటు అది. దయలేని కట్టుబాటు, నేను వెనకేసుకురావడం లేదు. కానీ ఆఫీసు ఏనాడూ పెట్టని కూర ఆ తాడు పెట్టింది. కూర కంటే పెద్దది, లెక్కలో ఒక మనిషిగా ఉంచింది. ఇప్పుడు చెప్పండి. "నడవలేనివాడు" అని పేరు రాయించుకోవడానికి ఫరంపేట ముసలివాళ్ళు ఎందుకు రాలేదో ఇంకా అర్థం కాలేదా?

అది కూడా ఏ రోజుల్లో. గోదారికి ఎర్రనీరు దిగి, బంగారం ధర పలికే పులస చేప ఎదురెక్కే రోజుల్లో.

ఆ మర్నాడు శిరీష వెళ్ళేసరికి లక్ష్మణరావు రేవుకి పోకుండా తన ఇంటి అరుగు మీద స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. పడవ పెద్ద సత్యనారాయణ గుమ్మం పక్కన నిలబడి కాలి బొటనవేలితో నేల గీరుతున్నాడు. లోపల పాపాయమ్మ కత్తిపీట ముందు కూర్చుంది. ముసురు. చూరు నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"రా అమ్మాయ్. మైకు తేలేదా?" అన్నాడు లక్ష్మణరావు.

"తాతా, నేను చెప్పేది..."

"లక్ష్మణరావుగారు అని చదివావంట. మా సత్యం విన్నాడు. ఇన్నేళ్ళలో నన్ను గారు అన్నదానివి నువ్వొక్కదానివే. ఆ మర్యాదతోనే పోయింది నా తాడు."

శిరీష సత్యనారాయణ వైపు తిరిగింది. "మీరేనా ఇవ్వనన్నది?"

"నేనేం చెయ్యనండి. కుర్రాళ్ళు అడుగుతారు. నడవలేనోడని గవర్నమెంటు చెప్పింది కదా, మరి మనం ఎలా ఇస్తాం అంటారు. మావని చూస్తే నాకు కడుపు తరుక్కుపోద్ది. కానీ పడవ నా ఒక్కడిది కాదు కదండీ."

"గవర్నమెంటు చెప్పలేదు, నేను చెప్పాను. సాయం కావాలని చెప్పాను. అంతే."

"మాకు రెండూ ఒకటేనండి."

ఆమెకి కోపం వచ్చింది. ఎదుటివాడి మీద కాదు, తన మీద వచ్చింది. కానీ శిరీష కోపం ఎప్పుడూ ఎదుటివాడి మీదకే పోతుంది. "ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర పొద్దున మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చారు. రెండోది రేపో ఎల్లుండో. మీ వీధిలోకి నడుం లోతు నీళ్ళొస్తాయి తాతా. అప్పుడెలా వెళ్తారు మీరు?"

"రోజూ రేవుకి ఎలా ఎల్తున్నానో అలాగే."

"మీరెలా వెళ్తున్నారో నాకు తెలుసు. తెల్లారకుండా, వీధిలో ఎవరూ లేవకముందు..."

లోపల కత్తిపీట చప్పుడు ఆగిపోయింది.

"అమ్మాయిగారూ," అన్నాడు సత్యనారాయణ మెల్లగా. "ఆ మాట అనకండి. అంటే నేను విన్నట్టు."

శిరీషకి అప్పుడు తెలిసింది. పాపాయమ్మ ఈ రహస్యం తన ఒక్కదానికే చెప్పిందనుకుంది. పాపాయమ్మ ముందు నడుస్తుంది, ఆవిడ రెండు భుజాలూ పట్టుకుని లక్ష్మణరావు వెనక కాళ్ళు ఈడుస్తాడు. గుంజ పక్కన, దానికే పొట్టిగా కట్టేసిన, వాడుక పోయిన పాత పడవ ఒకటుంది. దాంట్లో ఆయన్ని కూర్చోబెట్టి ఆవిడ వెళ్ళిపోతుంది. పొద్దంతా అక్కడే. పొద్దుగూకాక మళ్ళీ వచ్చి తీసుకెళ్తుంది. సంవత్సరం పైగా ఇదే. రేవులో అందరికీ తెలుసు. తెలిసి, ఎవరూ అనలేదు. అనకుండా ఉండటమే వాళ్ళు ఆయనకి చేసిన సాయం. ఏ ఆఫీసూ అంత సాయం చెయ్యలేదు. శిరీష మైకు ఆ మరుగుని చింపేసింది.

లక్ష్మణరావు గుమ్మంలోకి చూశాడు. పాపాయమ్మ తల దించుకుని ఉంది. ఆ దించుకోవడంలో ఆయనకి కావలసిన జవాబు దొరికింది. శిరీషకి ఈ విషయం ఎవరు చెప్పారో, ఆఫీసులో పేరు ఎవరిచ్చారో రెండూ తెలిసిపోయాయి. 

"నా కండువా ఇలా తే," అన్నాడు.

ఆవిడ తెచ్చింది. ఆయన మెడలో వేసుకుని శిరీష వైపు చూశాడు.

"పందెం అమ్మాయ్. ఇప్పుడు, ఈ ఎలుతురులో, అందరూ చూస్తుండగా రేవుకి నడుస్తాను. కర్ర లేకుండా, ఎవర్నీ పట్టుకోకుండా. ఎల్లానంటే, అదే మైకులో, అదే గొంతుతో నా పేరు తీసేశానని చెప్పాలి నువ్వు. దారిలో పడ్డాననుకో, ఆ మైకు నేనే పట్టుకుంటా. ఈ పేటలో ముసలోళ్ళందర్నీ నీ దగ్గరికి నేనే పంపిస్తా. నేను వద్దంటే ఎవడూ రాడు. నేను రమ్మంటే అందరూ వస్తారు. నీకేది కావాలో చూసుకో."

శిరీష ఆయన కాళ్ళు చూసింది. మోకాళ్ళ కింద రెండూ ఎండిన కొమ్మల్లా ఉన్నాయి. వీధి చివరిదాకా కూడా వెళ్ళడు. ఒక్కసారి పడితే, పోనీ ఆ నానిన మట్టిలోనే పడతాడు, ఎముకలు విరగవు. ఆ పడటంతో పేటంతా నమోదైపోతుంది. వాళ్ళందరూ బతుకుతారు.

"సరే," అంది.

దీనికి మంచి పేర్లు పెట్టుకోవచ్చు. ప్రజల మేలు అనొచ్చు. కానీ జరిగింది ఒకటే. కాళ్ళు చచ్చిన ముసలాయన పడిపోవాలని ఒక చదువుకున్న పిల్ల కోరుకుంది. ఆమె చెడ్డది కాదు. మరీ తొందరగా మంచి చేద్దామనుకునేవాళ్ళు తరచుగా చేసే పనే చేసింది.

పాపాయమ్మ ముందు బయల్దేరింది. ఎవరూ చెప్పలేదు. గంప నెత్తిన పెట్టుకుని, రేవుకి పనున్నదానిలా, నాలుగడుగుల ముందు నడిచింది. ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. లక్ష్మణరావు లేచాడు. స్తంభం వదిలాడు. రెండు చేతులూ కొంచెం ముందుకి వచ్చి, ఏదో పట్టుకోబోయి, మళ్ళీ పక్కలకి వచ్చేశాయి.

వీధి అరుగుల మీదకి వచ్చేసింది. లూయిస్ ఆటో ఆపి దిగాడు. ఆరోగ్యమ్మ గోడ మీద మోచేతులు ఆనించి చూస్తోంది. ఆమె కూడా మైకులో పేరు చదివించుకున్న మనిషే. చర్చికి కూడా ఇద్దరు పట్టుకుంటే గానీ వెళ్ళలేదు.

"ఏరా లక్ష్మణరావూ, పెళ్ళికొడుకు నడక నడుస్తున్నావ్," అంది.

"నువ్వెదురొచ్చావుగా. ఇంకేం పెళ్ళి."

నవ్వారు. ఆయన నవ్వలేదు. నవ్వితే అడుగు తప్పుతుంది. ఆయన చూపంతా పాపాయమ్మ వీపు మీదే ఉంది. ఆవిడ ఎడమ కాలు వేస్తే ఈయన ఎడమ కాలు. ఆవిడ కుడి కాలు వేస్తే ఈయన కుడి కాలు. మురుగు కాలువ పలక దగ్గర ఆవిడ ఆగి గంప సర్దుకుంది. గంపకేమీ కాలేదు. ఆయనకి ఊపిరి అందడానికి ఆగింది. పక్కనే నడుస్తున్న శిరీషకి అది చివరికి అర్థమైంది. ఏడాదిగా రోజూ చీకట్లో నడిచిన నడకే ఇది. భుజాల మీద చేతులు మాత్రమే లేవు.

పడతాడని ఎదురుచూస్తున్న శిరీష ఆయన అడుగులు లెక్కపెడుతోంది. పడు, అనుకుంటోంది. పడొద్దు, అని కూడా అనుకుంటోంది. ఏది గట్టిగా అనుకుందో ఆమెనే అడగాలి.

రేవు దిగుడు దగ్గర బురద. అక్కడ ఆయన మోకాలు ఒకటి మడత పడింది. ఒక్క క్షణం నేల మీద చెయ్యి ఆనింది. కుర్రాళ్ళలో ఎవడో "పడ్డాడు" అన్నాడు.

"పడలేదు, నేలకి దండం పెట్టుకున్నాడు. నోర్ముయ్," అన్నాడు సత్యనారాయణ.

లక్ష్మణరావు లేచాడు. ఎలా లేచాడో చూసినవాళ్ళు చెప్పలేరు. పాత పడవ అంచు పట్టుకుని, దాంట్లోకి ఒరిగి, కూర్చున్నాడు. అప్పుడే ఒడ్డుకొస్తున్న పడవలోంచి తాడు వచ్చి పడింది. సత్యనారాయణ దాని కొస తీసుకెళ్ళి మావ చేతిలో పెట్టాడు. రేవంతా చూస్తుండగా లక్ష్మణరావు గుంజకి తాడు చుట్టాడు. చేతులకి ఏ లోపమూ లేదు. ఆ చుట్లు చూస్తే ముచ్చటేస్తుంది. ఆ పూట పడ్డ పులసలో మొదటిది ఆయన ముందు పెట్టారు.

శిరీష మైకు పట్టుకుంది. మాట ఇచ్చింది కదా. "లక్ష్మణరావుగారి పేరు... లక్ష్మణరావు పేరు తొలగించాం. ఆయనకి సాయం అవసరం లేదు." ఫోన్ తెర మీద 'తొలగించు' అన్నచోట వేలు పెట్టింది. పేరు పోయింది. ఎంత తేలిగ్గా పోయిందో.

ఆ తర్వాత జరిగింది ఆమె ఊహించలేదు. ఆరోగ్యమ్మని ఇద్దరు పట్టుకుని తీసుకొచ్చారు. "నాది కూడా తీసెయ్ అమ్మాయ్. వాడికన్నా నేను రెండేళ్ళు చిన్నదాన్ని." ఆమె వెనక ఇంకొకరు. ఇంకొకరు. పేరిచ్చినవాళ్ళంతా వచ్చి తీయించుకున్నారు. తీసేది లేదని శిరీష అనొచ్చు. అనలేదు. పందెంలో ఓడినవాళ్ళకి నోరుండదు. భోజనాల వేళకి ఆమె ఫోన్‌లో ఫరంపేట నుంచి ఒక్క పేరూ మిగల్లేదు.

ధవళేశ్వరంలో రెండో హెచ్చరిక రేపు కాదు, ఆ మధ్యాహ్నమే వచ్చింది.

అందరూ ఇళ్ళకి పరిగెత్తారు. బియ్యం అటక మీదకి, పిల్లలు పక్క డాబాల మీదకి. రేవు ఖాళీ అయింది. లక్ష్మణరావు మాత్రం పాత పడవలోనే కూర్చున్నాడు. "మీరెల్లండి, గాలి బాగుంది, కాసేపుండి వస్తాను" అన్నాడు. అందరూ వెళ్ళారు. ఎందుకు వెళ్ళరు? ఇంటి నుంచి రేవుకి కర్ర లేకుండా నడిచిన మనిషికి తిరిగి వెళ్ళడం ఒక లెక్కా?

వెళ్ళే కాళ్ళు ఆయన దగ్గర లేవు. ఉన్నదంతా వచ్చేటప్పుడే ఖర్చయిపోయింది.

అది అమావాస్య పోటు వేళ. పై నుంచి వచ్చే గోదారిని సముద్రం లోపలికి రానివ్వదు, వెనక్కి తోస్తుంది. అప్పుడు నీళ్ళు దిగువకి పోవు, వీధుల్లోకి పోతాయి. వెలుతురు ఉండగానే ఫరంపేట మురుగు కాలువలు వెనక్కి పారడం మొదలెట్టాయి. మెయిన్ రోడ్డు మీద, లూయిస్ ఆటో పక్కన, శిరీష ఎదురుగా పాపాయమ్మ వచ్చి నిలబడింది. చీర మోకాళ్ళ పైదాకా తడిసి ఉంది.

"రావట్లేదమ్మా. లేవలేకపోతున్నాడు. పట్టుకో అంటే పట్టుకోనన్నాడు. పొద్దుగూకాక రా, ఇంకా జనం తిరుగుతున్నారు, ఎవరైనా చూస్తారు అన్నాడు. నేను సరేనని ఇంటికొచ్చాను, బియ్యం ఎత్తిపెట్టి ఎల్దామని. మళ్ళీ ఎల్దామంటే సందులో నీళ్ళు తోసేస్తున్నాయి. పొద్దుగూకేలోపే గోదారి వచ్చేసింది కదమ్మా."

శిరీష ఆఫీసు పడవలవాళ్ళకి ఫోన్ చేసింది.

"పేరు చెప్పండి."

"లక్ష్మణరావు. ఫరంపేట రేవు."

"ఫరంపేట నుంచి ఎవరూ లేరండి. అన్నీ తొలగించి ఉన్నాయి. మీ ఫోన్ నుంచే."

"తెలుసు. మళ్ళీ ఎక్కిస్తున్నాను."

"ఎక్కించండి. మెట్టకూరులో మంచం మీదున్నవాళ్ళు ఉన్నారు. వాళ్ళని దించి వస్తాం. ఉన్నది రెండు పడవలే మేడమ్, మమ్మల్నేం చెయ్యమంటారు."

వాళ్ళని అనడానికేముంది. పేరున్నవాడి దగ్గరికి వెళ్తున్నారు.

లూయిస్ ఆడవాళ్ళిద్దర్నీ ఎక్కించుకుని ఆటోని నీళ్ళు ఇంజను అందుకునేదాకా తోలాడు. అక్కడి నుంచి దిగి ఒకరినొకరు పట్టుకుని నడిచారు. లూయిస్ మైకునీ దాని బ్యాటరీనీ నెత్తిన పెట్టుకున్నాడు. ఎందుకని ఎవరూ అడగలేదు. ఎదురుగా సత్యనారాయణ ఆరోగ్యమ్మని వీపున ఎత్తుకుని వస్తున్నాడు. విషయం వినగానే ఆమెని ఒక డాబా మెట్ల మీద దించి వాళ్ళతో వచ్చేశాడు.

రేవు ఉన్నచోట రేవు లేదు. దిగుడు మునిగిపోయింది. వేట పడవలు మధ్యాహ్నమే పై కాలువలోకి తీసుకుపోయి కట్టేశారు. ఒడ్డుకీ గుంజకీ మధ్య ఎర్రటి నీళ్ళు కొమ్మల్ని, చాపల్ని, చచ్చిన కోడిని తోసుకుపోతున్నాయి. గుంజ తల మాత్రం కనపడుతోంది. దానికవతల, నేల మీద ఉండాల్సిన పాత పడవ నీళ్ళ మీద తేలి ఊగుతోంది. దాంట్లో లక్ష్మణరావు, కండువా తలకి చుట్టుకుని.

"మావా," అని అరిచాడు సత్యనారాయణ. గాలికి ఆ మాట వెనక్కే వచ్చింది. కళ్ళు చికిలించి చూసి, ఒక్కసారిగా నిలబడిపోయాడు.

"ఏంటి?" అంది శిరీష.

"పడవని గుంజకి పొట్టిగా కట్టిన తాడండి అది, మిగతాదంతా పడవలోనే చుట్టి ఉంటుంది. గట్టిగా కట్టి ఉంటే నీళ్ళు పెరిగేకొద్దీ పడవ ముక్కుని కిందకి లాగేసేది. అందుకని విప్పేశాడు. గుంజకి ఒక్క చుట్టే ఉంచాడు. ఒక కొస పడవ ముక్కుకే ఉంది, రెండో కొస చూడండి."

రెండో కొస లక్ష్మణరావు చేతిలో ఉంది. ఇన్ని నీళ్ళలో ఆ పడవని ఆపుతున్నది ముడి కాదు, ఆయన పిడికిలి.

"నేను ఈదుతాను," అంటూ సత్యనారాయణ దిగాడు. ఛాతీ లోతుకి వెళ్ళేసరికి నీళ్ళు అడ్డంగా ఈడ్చి అవతల కరెంటు స్తంభానికి కొట్టాయి. దాన్ని కావలించుకుని అక్కడే ఆగిపోయాడు. "తాడు ఇటు విసరాలి. మనం పట్టి లాగాలి. వేరే దారి లేదు," అని అక్కడి నుంచే అరిచాడు. "విసరాలంటే ముందు గుంజ మీద చుట్టు వదలాలి. వదిలాక, మనకి అందేదాకా, పడవకి ఏ ఆధారమూ ఉండదు."

"ఆయనకి వినపడదు," అంది శిరీష.

పాపాయమ్మ లూయిస్ దగ్గరికి వెళ్ళింది. నెత్తి మీద నుంచి మైకు తీసుకుంది. దాన్ని ఎటు పట్టుకోవాలో తెలియక తిరగేసింది. శిరీష సరిచేసి, మీట నొక్కింది. ఫరంపేట డాబాల మీద ఉన్న జనమంతా ఇటే చూస్తున్నారు.

"లక్ష్మణరావూ," అంది పాపాయమ్మ.

మొగుడి పేరు, ఊరంతా వినేలా. నీళ్ళ మీద ఆ పేరు వెళ్ళి తగిలింది. పడవలో మనిషి తల తిప్పాడు.

"నన్ను పట్టుకోనన్నావు. పట్టుకోకు. తాడు ఇటియ్యి. నేనే పట్టుకుంటాను."

 ఆ తర్వాత గుంజ మీది చుట్టు సడలడం ఒడ్డున ఉన్న ముగ్గురికీ కనపడింది. పడవ ముక్కు ప్రవాహం వైపు తిరిగింది. లక్ష్మణరావు చెయ్యి తాడుతో సహా పైకి లేచింది.

విసరడానికి లేచిందో, వదిలెయ్యడానికి లేచిందో పాపాయమ్మకి కూడా తెలియలేదు. మైకు కింద పడేసి, రెండు చేతులూ చాచి, ఆవిడ నీళ్ళలోకి దిగింది.